మైకులో మా ఇల్లు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో హోసూరులో మా వీధి మొత్తం వెతికినా రేడియో ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. రేడియో వినాలంటే పంచాయతీ పార్కుకు పోవాలి. పార్కు మూల ఒక చిన్న గది, దాని పక్కన ఇనుప స్తంభం, స్తంభానికి రెండు లౌడ్ స్పీకర్లు. సాయంత్రమైతే చెన్నపట్నం వార్తలు, పాటలు, సేద్యం సంగతులు వాటిలో వచ్చేవి. ఆ గది తాళంచెవి మా ఆయన దగ్గర ఉండేది. ఆయన పంచాయతీ ఆఫీసులో గుమాస్తా. రేడియో వేయడం, ఆపడం, మధ్యలో పంచాయతీ కబుర్లు మైకులో చెప్పడం కూడా ఆయన పనే.

ఆ రోజులు చూసినవాళ్లు ఎవరు కలిసినా ఇప్పటికీ అదే మాట. "మీ ఆయన మైకు పట్టుకుంటే కడుపు చెక్కలయ్యేదమ్మా!" నేను తల ఊపి ఊరుకుంటాను. లోపల మాత్రం మంట. నవ్విన వాళ్లకు నవ్వు గుర్తుంది. ఎవరిని చూసి నవ్వారో గుర్తు లేదు.

ఆయనకు మాట ఎట్లా వచ్చిందో చెప్పాలి. మొదట్లో అందరు గుమాస్తాల్లాగే చెప్పేవారు. ఫలానా రోజు టీకాలు వేస్తారు, ఫలానా వీధికి కొళాయి నీళ్లు రావు అని. ఒక రోజు నీళ్లు రావని చెప్పి, ఆగి, "కాబట్టి రేపు స్నానం చేయనోళ్లు భయపడే పని లేదు, పంచాయతీ పేరు చెప్పుకోవచ్చు" అన్నారు. పార్కులో జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఆయన మళ్లీ మామూలు మనిషి కాలేదు.

మా ఊళ్లో ఇంటికొక భాష. వార్తలు అరవంలో వస్తే తెలుగు వాళ్లకు సగం తెలిసేది, సగం తెలిసేది కాదు. అందుకని వార్తలు అయిపోగానే రేడియో గొంతు తగ్గించి, ఆయనే తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. చెప్తూ చెప్తూ తన మాట కలిపేవారు. ఎలక్షన్లప్పుడు ఒక నాయకుడు కృష్ణగిరికి వచ్చి ఊత్తంగరై దాకా రోడ్డు వేస్తామన్నాడట. "పోయిన ఎలక్షన్లో కూడా వేసినారు ఆ రోడ్డు. నోటితో వేసిన రోడ్డు శానా గట్టిదప్పా. ఎంత వానొచ్చినా గుంత పడదు" అన్నారు.

ఆటలంటే ఇంక చెప్పనక్కర్లేదు. చెన్నపట్నంలో క్రికెట్టు జరిగితే ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లీషు కామెంటరీ పెట్టి, దాన్ని మన భాషలోకి తెచ్చేవారు. ఆ ఆట ఒక్కసారీ చూడని సంతకు వచ్చిన రైతులు కూడా గోనెసంచుల మీద కూర్చుని వినేవాళ్లు. "మూడు కట్టెలు నాటినారు. అవి పడకుండా ఐదు రోజులు కావలి. మన చేన్లో ఇట్ల కావలుంటే ఒక్క పందీ లోపలికి రాదు" అనేవారు. బాగలూరుకూ మా ఊరికీ చెడుగుడు పోటీ జరిగితే మైకు మైదానానికే తీసుకుపోయారు. "బాగలూరాయన లోపలికొచ్చినాడు. కొత్త అల్లుడు అత్తగారింటికి వచ్చిన మాదిరి మెల్లగా వస్తాడు. పట్టుకున్నారు! అల్లుణ్ణి పంపేదిలేదంటుండారు!" బాగలూరు వాళ్లే పడీపడీ నవ్వారు.

ఇల్లు పార్కు వెనక వీధిలోనే. పొయ్యి దగ్గర కూర్చుంటే ప్రతి మాటా వినిపించేది. మొదట్లో నాకు గర్వంగా ఉండేది. మాది కుందారపల్లి దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. మా వైపు మగవాళ్లు నలుగురిలో నోరు విప్పితే నీళ్ల తగాదా కోసమే. ఇంత చక్కగా మాట్లాడే మనిషి దొరికాడని మా అమ్మకు కూడా చెప్పుకున్నాను.

అట్లాంటి మాట ఒక సాయంత్రం మా ఇంట్లోకి దూరింది.

క్రికెట్టు గురించే చెప్తున్నారు. "ఇప్పుడు కొత్త బంతి తీసుకున్నారు. మా ఇంట్లో కూడా ఈ పొద్దు కొత్త బంతి. రాగిముద్ద అంటారు దాన్ని. పాత బంతి ఇంకా కడుపులోనే ఉంది, అరగలేదు" అన్నారు. పార్కంతా నవ్వు. నేను చేతిలో ముద్దకట్టె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పొద్దున అదే ముద్ద ఆయన మళ్లీ అడిగి వేయించుకుని తిన్నారు.

మరుసటి రోజు పిండి మిషనుకు పోతే మిషను ఆయన నా రాగులు తీసుకుంటూ, "మెత్తగా ఆడిస్తానమ్మా. మళ్లా మైకులో నా పేరు రాకూడదు" అన్నాడు. పక్కనున్న వాళ్లు మూతులు దాచుకున్నారు. కూరగాయలామె ఇంకో అడుగు ముందుకు వేసి, "నాకొక బంతి ఇయ్యమ్మా, మావాడు ఆడుకుంటాడు" అంది.

ఆ సాయంత్రం ఆయనతో అన్నాను. "ఇంటి మాట మైకులో ఏల చెప్పినారు?"

"నీ పేరు చెప్పినానా? మా ఇంట్లో అన్నాను, అంతే."

"మీ ఇంట్లో ముద్ద చేసేది ఇంకెవరుండారు?"

"మా అమ్మ ఉండాది కదా" అని నవ్వారు.

నడవలో అనపకాయలు ఒలుస్తున్న మా అత్త అక్కడి నుంచే అరిచింది. "నన్నేల లాగుతావురా దాంట్లోకి? నా ముద్ద తినే కదా ఇంతవాడివైంది!"

ఆయనకు అది కూడా పనికొచ్చింది. రెండు రోజుల తర్వాత అత్తాకోడళ్ల ముద్ద తగాదా అని కథ కట్టి చెప్పారు. అట్లాంటి తగాదా మా ఇంట్లో జరగనే లేదు. అప్పటి నుంచి 'మా ఇంట్లో' అనే మాట ఊరికి నోటిపాటైపోయింది. ఆయన గొంతు సవరించుకుని "మా ఇంట్లో..." అనగానే, తరువాతి మాట రాకముందే నవ్వు మొదలయ్యేది. నేను పుట్టింటికి పోతే నవ్వు, వస్తే నవ్వు. చీర కొంటే నవ్వు, కొనకపోతే పిసినారితనమని నవ్వు. మా అత్త మొదట్లో నా మీద చెప్పినప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒకసారి ఆమె గురకను కృష్ణగిరి బస్సు కొండ ఎక్కే చప్పుడుతో పోల్చాక ఆ నవ్వు ఆగిపోయింది.

నేను ఊరుకోలేదు. చెప్పాను, అలిగాను, ఒక పూట వంట మానేశాను. వంట మానేసిన సంగతి కూడా మైకులో వచ్చింది. ఇంక ఏం చేయమంటారు? ఏడిస్తే ఏడ్చింది అంటారు, అరిస్తే అరిచింది అంటారు. నేనేం చేసినా ఆయనకు సరుకే. బదులు చెప్పడానికి నాకు మాత్రం స్పీకరు లేదు.

అరవైల నడిమిలో బియ్యానికి కరువు వచ్చింది. రేషన్ అంగడి ముందు తెల్లవారక ముందే ఆడవాళ్లు సంచులు వరసలో పెట్టి నిలబడేవాళ్లు. ఎండ నెత్తికెక్కే దాకా నిలబడితే ఇంత బియ్యం చేతికొచ్చేది. దాంట్లో రాళ్లు. మట్టి పెళ్లలు కాదు, తెల్లగా బియ్యం గింజంత రాళ్లు. ఏరినా కంటికి ఆనేవి కావు. ఆ అంగడి నడిపేది పంచాయతీ ప్రెసిడెంటు బావమరిది. రాళ్లు ఎక్కడ కలుస్తున్నాయో వరసలో నిలబడే అందరికీ తెలుసు. అడిగితే రేపు బియ్యమే లేదంటాడని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మా ఆయన అడిగారు. అది ఒప్పుకోవాలి. ఒక సాయంత్రం వార్తల తర్వాత, "ఇల్లు కట్టేవాళ్లకు మంచి కబురు. మన రేషన్ అంగడిలో బియ్యం కొంటే కంకర జల్లి ఉచితం" అన్నారు. అంతే, పార్కు పగిలిపోయింది. ఆ నవ్వు మా వంటింట్లోకి వచ్చింది. నేనూ నవ్వాను. మా అత్త చాటలో నుంచి ఒక రాయి తీసి చూపించి, "పునాదికి ఇది చాలునా?" అంది. మరుసటి రోజు వరసలో ఆడవాళ్లందరి నోటా అదే మాట. "జల్లి వచ్చిందా? జల్లి ఎంత తూకం?" అంగడి ఆయన తల ఎత్తలేదు. ఆ ఒక్క పూట నాకు మా ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది. ఇందుకు కదా దేవుడు ఈ మనిషికి నోరిచ్చింది అనుకున్నాను.

ఆ పగలే ప్రెసిడెంటు ఆయన్ను తన ఆఫీసు గదిలోకి పిలిపించాడు. నాకు ఆ సంగతి తెలియదు. సాయంత్రం మైకులోనే తెలిసింది.

"నిన్న బియ్యం గురించి ఒక మాట చెప్పినాను. తప్పు నాదే. అంగడి బియ్యం మేలైన బియ్యం. రాళ్లు ఏరను చేతకానివాళ్లు మా ఇంట్లో ఉండారు. మా ఇంట్లో బియ్యం చెరిగితే బియ్యం కిందికి పోతాది, రాళ్లు చాటలో నిలుస్తాయి. అవే వండుతారు. నేను నమలను లేక అంగడి మీద చెప్పినాను."

నిన్నటి కన్నా పెద్ద నవ్వు వచ్చింది.

ఆ మాట వచ్చినప్పుడు నా ఒళ్లో చాట ఉంది. ఎదురుగా మా అత్త. ఆమెకు చూపు సగం పోయింది. అయినా చేతివేళ్లతో తడిమి రాళ్లు ఏరుతోంది. పొద్దున వరసలో నిలబడి నా కాళ్లు వాచి ఉన్నాయి. రాయి అదే, బియ్యం అదే. నిన్న దొంగ అంగట్లో ఉన్నాడు, ఈ రోజు చేతకానిది ఇంట్లో ఉంది. మా అత్త ఏరిన రాళ్లను పారేయకుండా ఒక గుడ్డలో పోసి ముడి వేసింది.

ఆయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నిలదీశాను. ఎన్నడూ 'మీరు' తప్ప అనని దాన్ని, ఆ పూట 'నువ్వు' లోకి దిగాను.

"నిన్న చెప్పింది నిజమా, ఈ పొద్దు చెప్పింది నిజమా?"

"గమ్మునుండు. నీకు తెలీదు. ప్రెసిడెంటు పిలిపించినాడు."

"ఏమన్నాడు?"

"ఆ మాట వెనక్కి తీసుకో, లేకుంటే ఉద్యోగం ఉండదన్నాడు."

"వెనక్కి తీసుకోవచ్చు కదా. నా నెత్తిన ఏల పెట్టినావు?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మామూలుగా, వానలు లేవు అన్నట్టు చెప్పారు.

"ఏమైనా చెప్పి నగించాల కదా. నీ మీద చెప్తే ఉద్యోగం పోదు."

ఇన్నేళ్లూ నేను ఏమేమో అనుకున్నాను. ప్రేమతోనే ఆట పట్టిస్తున్నారేమో, నాకే నవ్వడం రాదేమో, నాదే ఇరుకు మనసేమో అని. అవేమీ కాదు. నాయకుడి మీద చెప్తే పార్టీ వాళ్లు వస్తారు. అంగడి మీద చెప్తే ప్రెసిడెంటు పిలుస్తాడు. చెడుగుడు వాళ్ల మీద మితి మీరి చెప్తే బాగలూరు వాళ్లు రాళ్లు వేస్తారు. పెళ్లాం మీద చెప్తే ఎవరూ రారు. నేను ఎన్నేళ్లు బతిమాలినా మానని మనిషి, ప్రెసిడెంటు ఒక్కసారి కళ్లెర్రజేస్తే ఆ పూటే మానేశారు. అన్నం ముందు పెట్టి లేచి వచ్చేశాను. తిన్నారో లేదో చూడలేదు.

మరుసటి సాయంత్రం పార్కులో రేడియో మొదలవుతూనే చీర మార్చుకుని బయలుదేరాను. మా అత్త నడవలో నుంచి, "యాడికి?" అంది.

"రేడియో రూముకు."

ఏం చేస్తావని అడగలేదు. "ఉండు, నేనూ వస్తాను" అని లేచింది. ముడి వేసిన గుడ్డ చేతిలోకి తీసుకుంది.

ఆ పార్కులోకి ఆడవాళ్లు వచ్చినా కంచె పక్కనే కూర్చునేవాళ్లు. గది దాకా ఎవరూ పోరు. మేమిద్దరం మధ్యలో నుంచి నడుస్తుంటే మగవాళ్లు తలలు తిప్పి చూశారు. వార్తలు అప్పుడే అయిపోయాయి. ఆయన మైకు మీట వేసి గొంతు సవరించుకుంటున్నారు. తలుపులో మమ్మల్ని చూసి, "అమ్మా, ఈడికేల వచ్చినావు?" అన్నారు. ఆ మాట రెండు స్పీకర్లలోనూ ఊరంతా వినిపించింది.

"లెయ్యిరా" అంది మా అత్త. అదీ ఊరంతా వినిపించింది. కన్నతల్లిని అంతమంది ముందర గెంటలేరు కదా, లేచారు. మా అత్త ఆయన చెయ్యి పట్టుకుని గోడ పక్కన నిలబెట్టి, నన్ను ముక్కాలిపీట మీద కూర్చోమంది. బల్ల మీద ఆయన కాఫీ తెచ్చుకునే ఇత్తడి గిన్నె ఉంది. గుడ్డ ముడి విప్పి, మైకు ముందు ఆ గిన్నెలోకి రాళ్లు వంచింది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంట్లో గుప్పెడు రాళ్లు అనిపించినవి, స్పీకర్లలో బండి జల్లి కుమ్మరించినట్టు మోగాయి.

నేను మైకు దగ్గరికి జరిగి మొదలుపెట్టాను. "ఈ చప్పుడు మా ఇంటి బియ్యం చప్పుడు. ఇన్నేండ్లుగా మీరందరూ నగతా ఉండే ఆ 'మా ఇంట్లో' అనేది నేనే. ముద్ద బంతి మాదిరి చేసేది నేనే. ఆ బంతి మళ్లీ మళ్లీ అడిగి తినేది ఈయన. ఆ మాట మైకులో ఎన్నడూ రాలేదు."

కంచె పక్క నుంచి ఒక ఆడగొంతు ఫక్కున నవ్వింది. నాకు ధైర్యం వచ్చింది.

"మొన్న ఈయన అంగట్లో రాళ్లుండాయన్నారు. నిన్న మా ఇంట్లో చేతకానివాళ్లు ఉండారన్నారు. ఒక్క పగట్లో తప్పు అంగట్లో నుంచి మా చాటలోకి ఎట్ల నడిచొచ్చిందో ప్రెసిడెంటన్న చెప్పాల. రాళ్లు మా చేన్లో పండలేదు. కొన్న చోటే కొన్నాము. వరసలో నిలబడినోళ్లు ఈడ శానామంది ఉండారు. మీ ఇంట్లో చేతకానోళ్లు ఉండారో, అంగట్లో రాళ్లుండాయో మీరే చెప్పండి."

"అంగట్లో!" అని కూరగాయలామె అరిచింది. తరువాత కంచె పొడుగునా అదే మాట. మగవాళ్ల వైపు నుంచి మాత్రం చప్పుడు లేదు. నేను లేచి బయటికి వచ్చేశాను. మా అత్త గిన్నె అక్కడే వదిలేసి, "రాళ్లు ప్రెసిడెంటుకు పంపియ్యి" అని కొడుక్కు చెప్పి నా వెంట వచ్చింది. మీట ఇంకా వేసే ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే ప్రెసిడెంటు మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నన్ను చూడనే లేదు. మా ఆయనతోనే మాట్లాడాడు.

"ఏమప్పా, మర్యాదస్తుల ఇల్లని అనుకుంటే! ఆడది మైకులో మాట్లాడేదేమి? ఇంటి మాటలు ఊరికంతా చెప్పేదేమి?"

తలుపు దగ్గర నుంచి నేనే అన్నాను. "ఇన్నేండ్లు మైకులో వచ్చింది ఇంటి మాటలే కదన్నా. అప్పుడు మర్యాద యాడికి పోయింది?"

"మగోళ్లం మాట్లాడుతుండాము, నువ్వు లోపలికి పోమ్మా."

నేను మా ఆయన వైపు చూశాను. ఇంత మాటకారి, ఐదు రోజుల క్రికెట్టును పల్లె జనానికి అర్థమయ్యేట్టు చెప్పిన మనిషి. ఒక్క మాట చాలు. ఆమె చెప్పింది నిజం అంటే చాలు. ఆయన రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయింది అన్నా. ఆడవాళ్లు, తెలీక చేసినారు" అన్నారు.

మా అత్త లోపలి నుంచి వచ్చి అరుగు మీద నిలబడింది. "తెలిసే చేసినామప్పా" అంది ప్రెసిడెంటుతో. ప్రెసిడెంటు కండువా దులుపుకుని పోయాడు.

ఆ వారమే మైకు తీసేసి ఆఫీసు బీరువాలో పెట్టారు. రేడియో గదికి ఇంకో మనిషిని వేశారు. అతను మీట వేసేవాడు, ఆపేవాడు, అంతే. మా ఆయనకు ఇంటి పన్ను వసూలు పని పడింది. ఊళ్లో మగవాళ్లు అందరూ ఒకటే మాట, ఆమె నోటి వల్ల మంచి వినోదం పోయిందని. చూడండి న్యాయం! మైకు పెరికించింది ప్రెసిడెంటు, రాళ్లు కలిపింది ఆయన బావమరిది, పేరు నాకు. అంగట్లో బియ్యం మాత్రం కొన్ని వారాలు తెల్లగా, శుభ్రంగా వచ్చింది. ఆడవాళ్లు వరసలో నన్ను ముందుకు రమ్మని పిలిచారు. నేను పోలేదు, నా వరసలోనే నిలబడ్డాను. ఆ తరువాత మళ్లీ మెల్లగా రాళ్లు వచ్చాయి.

ఆయనతో చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడాను. ఒక మధ్యాహ్నం పన్ను వసూలు నుంచి ఎండలో వచ్చి కూర్చుని, మజ్జిగ తాగుతూ తనే ఎత్తారు.

"ఆ జల్లి మాట బాగుండింది కదా?"

"బాగుండింది. అందుకే నాకింత కోపం" అన్నాను. "బాగలేని మాటైతే పోనీలే అనుకుందును."

గ్లాసు కింద పెట్టారు. "ఆ పొద్దు అరుగు మీద నేను అట్ల చేతులు జోడించి ఉండకూడదు" అన్నారు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు అంతే చేతనైంది. నేను ఇంకా పొడిగించలేదు. అంతమాత్రాన కోపం తీరిందని కాదు.

తరువాతి ఎలక్షన్లో ఆ ప్రెసిడెంటు ఓడిపోయాడు. కొత్తగా వచ్చినాయన మా ఇంటికే వచ్చి, మైకు మళ్లీ పెట్టిస్తాను, మీరు మళ్లీ మాట్లాడాల అని మా ఆయన్ను బతిమాలాడు. అప్పటికే కలిగిన ఇళ్లలో ట్రాన్సిస్టర్లు మోగుతున్నాయి. అయినా ఆయన మాట కోసం జనం వచ్చేవాళ్లే. ఆయన ఒప్పుకోలేదు. కొత్త ప్రెసిడెంటు పోయాక నేనే అడిగాను.

"ఏల వద్దన్నారు? పొమ్మని నేను చెప్పలేదే."

"ఏం మాట్లాడేది? నాయకుల మీద వద్దు, అంగళ్ల మీద వద్దు, ఇంటి మీద వద్దు."

"ఇంటి మీద వద్దని నేనన్నాను. మిగిలినవి ఎవరన్నారు ఇప్పుడు? వాడు ఓడిపోయినాడు కదా. చెడుగుడు చెప్పండి. రోడ్డు చెప్పండి. అంగడి చెప్పండి."

ఆయన చెప్పులు వేసుకుంటూ, "నీ మీద చెప్పకుండా నగించేది నాకు చేతనవుతాదో లేదో" అన్నారు.

అంతకు ముందు ఎన్నో ఏళ్లు, నేను కాపురానికి రాకముందు నుంచే, నీళ్ల మీద, రోడ్ల మీద, కట్టెల ముందు కావలి కాసేవాళ్ల మీద ఊరినంతా నవ్వించిన మనిషి ఆ మాటన్నారు. చేతనయ్యేది. ఎంత బాగా చేతనయ్యేదో పొయ్యి దగ్గర కూర్చుని విన్నదాన్ని, నాకు తెలియదా? ఆ మాటే గట్టిగా చెప్పాను. ఆయన వినిపించుకోకుండా పన్ను వసూలుకు పోయారు. నేను వీధి తలుపులో నిలబడి ఇంకా చెప్తూనే ఉన్నాను.